లుమెన్ కోడ్‌లో తెలుగు వెతుకులాట: సమ్మర్ ఆఫ్ కోడ్ ప్రపోజల్‌కి ఈ ఐడియా నిలబడుతుందా?

ఆరో_సెమిస్టర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి (ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పని చేసే కొత్తవాళ్లకు గూగుల్ డబ్బిచ్చే కార్యక్రమం) ప్రపోజల్ రాస్తున్నాను. హార్వర్డ్‌లోని బర్క్‌మన్ క్లైన్ సెంటర్ వాళ్ల లుమెన్ డేటాబేస్ మీద పని చేయాలని ఉంది. తెలియనివాళ్లకి ఒక్క మాట: ఫలానా పేజీ తీసేయండి, ఫలానా లింకు సెర్చ్‌లో కనపడకూడదు అంటూ గూగుల్ లాంటి కంపెనీలకు వచ్చే నోటీసుల కాపీలను దాచిపెట్టే చోటు అది. మొదట్లో చిల్లింగ్ ఎఫెక్ట్స్ అనేవాళ్లు, 2015లో పేరు మార్చారు. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది. వెబ్‌సైట్‌కి రూబీ ఆన్ రెయిల్స్, డేటా దాచడానికి పోస్ట్‌గ్రెస్, సెర్చ్‌కి ఎలాస్టిక్‌సెర్చ్.

నా డ్రాఫ్ట్‌లో నాలుగు పనులు రాశాను: తెలుగుకి స్టెమ్మర్ (పదం చివరి ప్రత్యయాలు కోసి మొదలు మిగిల్చేది), నోటీసు ఏ భాషలో ఉందో దానంతటదే కనిపెట్టడం, ఫోన్ నంబర్ల లాంటి సొంత వివరాలు చెరిపేసే భాగాన్ని మన దేశపు నంబర్లకు సరిచేయడం, సెర్చ్ పేజీకి కొత్త రూపం. 350 గంటల ప్రాజెక్టుగా పెడదామనుకుంటున్నాను.

ఇరుక్కున్న చోట్లు ఇవి:

1. విండోస్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. డాకర్‌లో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే సాధనం) ఎలాస్టిక్‌సెర్చ్ మొదలై అర నిమిషంలో ఆగిపోతోంది.
2. ఎలాగోలా నడిచినప్పుడు కూడా సెర్చ్ టెస్టులు ఒకసారి పాస్, మరోసారి ఫెయిల్. నేను కోడ్ ఏమీ ముట్టుకోలేదు.
3. నకిలీ నోటీసు ఒకటి వేసి "హైదరాబాద్" అని వెతికితే "హైదరాబాద్‌లో" ఉన్న నోటీసు రావట్లేదు.
4. జూన్‌లో పరీక్షలు ఉన్నాయి. ఆ సంగతి ప్రపోజల్‌లో చెప్పాలా, వద్దా?

---

రైలు_పట్టాలు

మొదటి రెండింటికి నేను చెప్తాను, మూడోదానికి తగినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

కంటైనర్ ఆగినప్పుడు ఎగ్జిట్ కోడ్ ఎంతో చూడండి. "డాకర్ పీఎస్"కి "మైనస్ ఏ" తగిలిస్తే కనిపిస్తుంది. 78 వస్తే ఎలాస్టిక్‌సెర్చ్ తన ముందస్తు తనిఖీల్లో ఫెయిలై తానే ఆగింది. 137 వస్తే దాన్ని బయటినుంచి చంపేశారు, నూటికి తొంభై సార్లు మెమరీ చాలక. రెండింటికీ మందు వేరు.

78 అయితే: లినక్స్ కర్నెల్‌లో "మ్యాక్స్ మ్యాప్ కౌంట్" అనే విలువ మామూలుగా 65530 ఉంటుంది, ఎలాస్టిక్‌సెర్చ్‌కి కనీసం 262144 కావాలి. సిస్‌సీటీఎల్‌తో పెంచితే వెంటనే పని చేస్తుంది. కాకపోతే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపే ఏర్పాటు) మూసి తెరిస్తే పాత విలువే తిరిగి రావచ్చు. "నిన్న నడిచింది, ఇవాళ నడవట్లేదు" అనే గోల సగం ఇక్కడిదే. విండోస్ యూజర్ ఫోల్డర్లో ఉండే డబ్ల్యూఎస్‌ఎల్ కాన్ఫిగ్ ఫైల్లో కర్నెల్ కమాండ్ లైన్ కింద రాసి పెట్టుకుంటే మళ్లీ చూసుకోనక్కర్లేదు.

137 అయితే: డబ్ల్యూఎస్‌ఎల్ 2 మామూలుగా మీ ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది, అంటే 4 జీబీ. అందులోనే పోస్ట్‌గ్రెస్, రెయిల్స్, టెస్టులకు క్రోమ్, పైన ఎలాస్టిక్‌సెర్చ్. జావా హీప్ (ఎలాస్టిక్‌సెర్చ్ వాడుకునే మెమరీ) పరిమితి చెప్పకపోతే అది తనకు తోచినంత తీసుకుంటుంది. కనీసం, గరిష్ఠం రెండూ 512 ఎంబీకి కట్టేయండి. రెండూ ఒకే అంకె ఉండాలి. నకిలీ నోటీసులు కొన్ని వందలే కాబట్టి ఆ మాత్రం చాలు.

ఇంకా చూడాల్సినవి:

ఎలాస్టిక్‌సెర్చ్ వెర్షన్ రిపోలో ఏది రాసి ఉంటే అదే పెట్టండి. కొత్తది కదా అని 8ని గానీ ఆపైదాన్ని గానీ లాగకండి. 8 నుంచి పాస్‌వర్డ్, టీఎల్‌ఎస్ (కనెక్షన్ ఎన్‌క్రిప్షన్) రెండూ ముందే ఆన్ అయి ఉంటాయి కాబట్టి మామూలు హెచ్‌టీటీపీతో వెళ్లే పాత క్లయింటు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. రూబీ కూడా అంతే, రిపోలో రాసిన వెర్షన్‌నే ఆర్‌బెన్వ్‌తో (రూబీ వెర్షన్లు మార్చే సాధనం) వేయండి. ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 ఉంటుంది, 3.1 కంటే పాత రూబీ దానితో కంపైల్ కాదు. రూబీ-బిల్డ్‌ను అప్‌డేట్ చేస్తే పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను అదే తెచ్చుకుంటుంది.

రిపోను సీ డ్రైవులో పెట్టి డబ్ల్యూఎస్‌ఎల్ నుంచి తెరవకండి. ఫైల్ చదవడం ఎంత నిదానమంటే టెస్టులు పెట్టి టీ తాగి రావచ్చు. లినక్స్ హోమ్ ఫోల్డర్లోనే క్లోన్ చేయండి. విండోస్ గిట్‌తో క్లోన్ చేస్తే లైన్ చివరలు మారి షెల్ స్క్రిప్టులు "బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్" అంటాయి, ఆ బాధ కూడా తప్పుతుంది.

డిస్కు ఎంత నిండిందో చూడండి. 95 శాతం దాటితే ఎలాస్టిక్‌సెర్చ్ ఇండెక్స్‌లను (వెతకడానికి వీలుగా కట్టుకున్న పట్టికలు) చదవడానికి మాత్రమే ఉంచి, రాయనివ్వదు. టెస్టుల్లో 403తో (కొత్త వెర్షన్లలో 429తో) క్లస్టర్ బ్లాక్ అనే ఎర్రర్ కనిపిస్తే అదే. దీన్ని పర్మిషన్ల సమస్య అనుకుని గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. పాత డాకర్ ఇమేజీలు తీసేయండి.

ఇక ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ సంగతి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో వేసిన డాక్యుమెంటు ఆ క్షణంలోనే వెతుకులాటకు దొరకదు. మామూలు సెట్టింగులో సెకనుకి ఒకసారి రిఫ్రెష్ అవుతుంది. టెస్టు ఆ సెకను లోపల వెతికితే ఫెయిల్, కాస్త ఆలస్యంగా వెతికితే పాస్. ర్యామ్ తక్కువ ఉన్న మెషీన్లో ఇది ఇంకా చపలంగా ఉంటుంది. దయచేసి "స్లీప్ 2" అని రాసి పుల్ రిక్వెస్ట్ (మీ మార్పు కలుపుకోమనే అభ్యర్థన) పంపకండి. వెతికే ముందు ఆ ఇండెక్స్‌కి రిఫ్రెష్ పిలవండి. అలా పిలవని టెస్టు ఒక్కటైనా పట్టుకుని, ఇరవై సార్లు వరుసగా నడిపి ఎన్నిసార్లు పడిందో రాసి సరిచేస్తే, మీ మొదటి పుల్ రిక్వెస్ట్ సిద్ధం. చిన్నదే, కానీ రివ్యూ చేసేవాళ్లకు రెండు నిమిషాల పని. ప్రపోజల్ కంటే ముందు అది లోపలికి వెళ్లడం ముఖ్యం.

---

సున్నా_వెడల్పు

మూడోదానికి వస్తాను. స్టెమ్మర్ దాకా ఇప్పుడే వెళ్లకండి, ముందు ఆ పదంలో ఏముందో చూద్దాం.

"హైదరాబాద్" అంటే హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. మొత్తం 9 కోడ్ పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చే సంఖ్యలు). యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, కాబట్టి 27 బైట్లు. "హైదరాబాద్‌లో"లో వీటి తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే యు ప్లస్ 200సి, ఆపైన ల, ఓత్వం. 12 కోడ్ పాయింట్లు, 36 బైట్లు. ఆ కనపడనిది లేకపోతే ద కింద లావత్తు పడి "హైదరాబాద్లో" అవుతుంది. జనం రెండు రకాలుగానూ టైపు చేస్తారు, కొందరు "హైదరాబాదులో" అంటారు. కంప్యూటర్‌కి ఇవి మూడు వేర్వేరు పదాలు.

ఇంకో చిక్కు ఐత్వంలోనే ఉంది. యూనికోడ్ లెక్కలో ఐత్వం (0సి48) అనేది ఎత్వం (0సి46), ఐత్వపు కింది గుర్తు (0సి56) రెండూ కలిసినదానికి సమానం. ఎన్‌ఎఫ్‌డీ (విడగొట్టి రాసే) రూపంలో వచ్చిన టెక్స్ట్‌లో "హైదరాబాద్" 10 కోడ్ పాయింట్లు, 30 బైట్లు. తెర మీద చూస్తే తేడా తెలియదు, పోలిస్తే సరిపోలదు. తెలుగులో ఇలా విడిపోయే అక్షరం ఇదొక్కటే. పరీక్షకి ఎంచుకున్న పదంలోనే అది ఉండటం మీ అదృష్టం. రూబీలో 2.2 నుంచి యూనికోడ్ నార్మలైజ్ అనే మెథడ్ స్ట్రింగ్‌కే ఉంది. ఇండెక్స్‌లోకి వెళ్లేదాన్నీ, వెతికేదాన్నీ రెండింటినీ ఎన్‌ఎఫ్‌సీకి (కలిపి రాసే రూపం) మార్చాలి. ఒకవైపే మారిస్తే లాభం లేదు.

ఎలాస్టిక్‌సెర్చ్‌లో "అనలైజ్" అనే ఎండ్‌పాయింట్ ఉంది. మీ పదాలు దానికి పంపి ఏ ముక్కలుగా విరుస్తోందో చూడండి. స్టాండర్డ్ టోకెనైజర్ (టెక్స్ట్‌ను టోకెన్లుగా, అంటే వెతికే పదాలుగా విడగొట్టేది) తెలుగు పదాన్ని ముక్కలు చేయదు, గుణింతాలను, 200సిని పదంలోనే ఉంచుతుంది. అంటే తప్పు దానిది కాదు. "హైదరాబాద్‌లో" మొత్తం ఒకే టోకెన్, మీరు అడిగింది "హైదరాబాద్" అనే వేరే టోకెన్. రాకపోవడమే దాని లెక్కలో సరైనది.

తప్పు జరిగే చోటు మామూలుగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు. రూబీలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. తెలుగు పదం ఇస్తే ఖాళీ చేతులతో వస్తుంది. పైథాన్ 3 ఇంకా ప్రమాదం: అక్షరాలను పట్టుకుంటుంది గానీ గుణింతపు గుర్తులను వదిలేస్తుంది. "తెలుగు" ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. ఖాళీగా వస్తే అనుమానం వస్తుంది, మూడు ముక్కలు వస్తే పని చేస్తోందనుకుని ముందుకు వెళ్లిపోతారు. రూబీలో రెండు జతల చదరపు బ్రాకెట్ల మధ్య "వర్డ్" అని రాసే పద్ధతి వాడి, 200సిని విడిగా కలపండి. పైథాన్‌లో మామూలు "ఆర్‌ఈ" బదులు "రెజెక్స్" అనే ప్యాకేజీ.

ఇప్పుడు స్టెమ్మర్. పదం చివర "లో" కనిపిస్తే కోసేద్దాం అనుకోండి. "కిలో" కాస్తా "కి" అవుతుంది, "హలో" కాస్తా "హ" అవుతుంది. సరే, కనీసం మూడు కోడ్ పాయింట్లు మిగిలితేనే కోయమందాం. "అపోలో"లో "లో" తీసేస్తే అ, ప, ఓత్వం మిగులుతాయి, మూడు ఉన్నాయి కాబట్టి కోస్తుంది. వెతికేటప్పుడు కూడా "అపో" అనే కోస్తుంది కాబట్టి ఫర్వాలేదనిపిస్తుంది. కానీ నోటీసులో "అపోలోలో" అని ఉంటే అది "అపోలో" దగ్గర ఆగుతుంది. వెతికేది "అపో", ఉన్నది "అపోలో", కలవవు. ఇక "ఇల్లు" నుంచి "ఇంట్లో", "ఊరు" నుంచి "ఊళ్లో", ఇక్కడ కోసేందుకు ఏమీ లేదు, మొదలే మారిపోతుంది. "కాలు"లో లు బహువచనం కాదని స్టెమ్మర్‌కి ఎవరు చెప్తారు? ఇది ఒక వేసవిలో అయ్యే పని కాదు. అయిందని రాసినా రివ్యూ చేయడానికి అక్కడ తెలుగు చదివేవాళ్లు ఉంటారన్న నమ్మకం లేదు.

దీని బదులు చిన్న ఉపాయం. వెతికే పదం చివర పొల్లు గానీ కొమ్ము గానీ ఉంటే దాన్ని తీసేసి, మిగిలినదాన్ని ముందుభాగంగా వెతకండి. "హైదరాబాద్" నుంచి "హైదరాబాద" వస్తుంది. "హైదరాబాద్‌లో", "హైదరాబాద్లో", "హైదరాబాదులో", "హైదరాబాదుకి" అన్నీ దానితోనే మొదలవుతాయి. 200సి పొల్లు తర్వాతే వస్తుంది కాబట్టి ఇక్కడ దాని గొడవే లేదు. అన్నిటికంటే ముఖ్యం, పైన చెప్పిన ఎన్‌ఎఫ్‌సీ మార్పు వదిలేస్తే, ఇండెక్స్ ముట్టుకోనక్కర్లేదు. వెతికే వైపు కోడ్ ఒక్కటే మారుతుంది.

రెండు జాగ్రత్తలు. మామూలు ప్రిఫిక్స్ క్వెరీకి ఇచ్చిన పదం అనలైజర్ (పదాన్ని ఇండెక్స్‌కి తగ్గట్టు సిద్ధం చేసే భాగం) గుండా వెళ్లదు, మీరే ఎన్‌ఎఫ్‌సీ చేసి ఇవ్వాలి. "మ్యాచ్ ఫ్రేజ్ ప్రిఫిక్స్" వాడితే అనలైజర్ గుండా వెళ్తుంది గానీ, ఆ ముందుభాగంతో మొదలయ్యే పదాల్లో 50 మాత్రమే తీసుకుంటుంది. 51వ రూపం ఉన్న నోటీసు చడీచప్పుడు లేకుండా తప్పిపోతుంది. చిన్న నకిలీ డేటాతో ఇది ఎప్పటికీ బయటపడదు. అందుకే టెస్టులోనే 60 రూపాలు పుట్టించి చూడండి.

పదం మధ్యలో 200సి ఉన్నవాటికి ("సాఫ్ట్‌వేర్" లాంటివి) మాత్రం ఇండెక్స్ వైపు క్యారెక్టర్ ఫిల్టర్ (అక్షరాలను ముందే తీసేసేది లేదా మార్చేది) తప్పదు.

---

ఆరో_సెమిస్టర్

ఎగ్జిట్ కోడ్ 137 అండీ. హీప్ 512కి కట్టాక గంట నుంచి నడుస్తోంది. టెస్టులు కూడా మీరు చెప్పినట్టే, ఒకచోట రిఫ్రెష్ లేదు.

సున్నా_వెడల్పు గారూ, క్యారెక్టర్ ఫిల్టర్ పెట్టాలంటే ఉన్న ఫీల్డు సెట్టింగు మారిస్తే సరిపోదా? దానికి ఎన్ని గంటలు రాసుకోవాలి?

---

సున్నా_వెడల్పు

సరిపోదు. ఉన్న ఫీల్డుకి అనలైజర్ మార్చనివ్వదు. రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, కొత్త ఇండెక్స్ కట్టి, మొత్తం అందులోకి రీఇండెక్స్ చేసి, చివర్లో అలియాస్‌ను (ఇండెక్స్‌కి పెట్టే మారుపేరు) పాతదాని నుంచి కొత్తదానికి తిప్పడం. రెండు, అదే ఫీల్డు కింద తెలుగు కోసం ఒక ఉపఫీల్డు కలపడం. కొత్త ఉపఫీల్డు కలపడానికి ఒప్పుకుంటుంది. కానీ అప్పటికే ఉన్న నోటీసుల్లో అది ఖాళీగా ఉంటుంది, "అప్‌డేట్ బై క్వెరీ" నడిపితేనే నిండుతుంది. ఇండెక్స్‌ను ముందు మూసి, కొత్త ఫిల్టర్‌ను సెట్టింగుల్లో చేర్చి మళ్లీ తెరవాలి. ఆ కాసేపూ సెర్చ్ ఆగుతుంది.

మీ ల్యాప్‌టాప్‌లో 300 నోటీసులకి రెండూ క్షణాల్లో అయిపోతాయి. అసలు డేటాబేస్‌లో ఉన్నవి లక్షల్లో కాదు, కోట్లలో. దాన్ని నడిపేది మీరు కాదు, అక్కడి సిబ్బంది, వాళ్లకు వీలు చిక్కినప్పుడు. కోడ్ రాయడానికి 15 గంటలు చాలు. అది ఎప్పుడు ప్రొడక్షన్‌లోకి వెళ్తుందో మీ చేతిలో లేదు. కాబట్టి "ఫలానా వారంలో ప్రొడక్షన్‌లో ఉంటుంది" అని ప్రపోజల్‌లో రాయకండి. "కోడ్, టెస్టులు, లక్ష నకిలీ నోటీసుల మీద పట్టిన సమయం, వెనక్కి తిప్పే పద్ధతి ఇస్తాను" అని రాయండి.

---

గడువు_తేదీ

ప్రపోజల్ సంగతి నేను చెప్తాను.

అన్నిటికంటే ముందు, ఈ ఏడాది జాబితాలో ఆ సెంటర్ పేరు ఉందో లేదో చూసుకోండి. సంస్థలు ఏటా కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, గూగుల్ ఏటా కొత్తగా ఎంచుకుంటుంది. 2005 నుంచి ఇదే పద్ధతి. నిరుడు ఉన్నారు కదా అని ఈసారి ఉంటారనుకోకూడదు. జాబితా మామూలుగా ఫిబ్రవరి రెండో సగంలో వస్తుంది. లేకపోతే చేసిన పని వృథా ఏమీ కాదు, తెలుగు టెక్స్ట్‌తో తంటాలు పడే ఓపెన్ సోర్స్ సెర్చ్ ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. ఒకరు మూడు ప్రపోజళ్ల దాకా పంపవచ్చు, ఎంపికయ్యేది ఒక్కటే. మూడు నాసిరకంవి పంపేకంటే ఒకటి, మరీ అయితే రెండు.

350 గంటలు వద్దు. మీ నాలుగు పనుల్లో స్టెమ్మర్ పోయింది. భాష కనిపెట్టడం కూడా తీసేయండి, తెలుగుకి అది యూనికోడ్ పరిధి చూస్తే తెలిసిపోయే విషయం (0సి00 నుంచి 0సి7ఎఫ్), దానికి ప్రాజెక్టు అక్కర్లేదు. సెర్చ్ పేజీ కొత్త రూపం అనేది అక్కడ ఎవరూ అడగని పని. అడగని పని ప్రపోజల్‌లో కనపడగానే, రిపోలోని ఇష్యూలు (చేయాల్సిన పనుల జాబితా) చదవకుండా రాశారని తెలిసిపోతుంది. చాట్‌బాట్‌తో రాయించిన ప్రపోజళ్లన్నిటిలోనూ "ఆధునిక డ్యాష్‌బోర్డు" తప్పకుండా ఉంటుంది, అదేం సెంటిమెంటో. మిగిలింది వెతుకులాట, చెరిపేసే భాగం. 175 గంటలకి కరెక్టుగా సరిపోతుంది.

డబ్బు కూడా చూసుకోండి. స్టైపెండ్ ఉండే దేశాన్ని బట్టి మారుతుంది. మన దేశానిది కింది మెట్టు: 175 గంటలకి 1500 డాలర్లు, 350కి 3000. 45 శాతం మధ్య మూల్యాంకనం తర్వాత, 55 శాతం చివర్లో. మీ ఏడాది పట్టిక సైట్‌లో మళ్లీ చూడండి. 3000 కోసం ఆశపడి 350 పెట్టి మధ్యలో ఫెయిలైతే ఆ 45 శాతం కూడా రాదు.

పరీక్షల సంగతి తప్పకుండా చెప్పండి, తేదీలతో సహా. దాచితేనే తప్పు. మామూలు కోడింగ్ కాలం 12 వారాలు, మెంటర్ ఒప్పుకుంటే 22 వారాల దాకా సాగదీసుకోవచ్చు. "జూన్‌లో ఈ రెండు వారాలు సున్నా గంటలు, అందుకే 14 వారాల లెక్క" అని పట్టికలోనే రాయండి. 12 వారాలకి 175 అంటే వారానికి 15 గంటలు కూడా కాదు. హార్వర్డ్ ఉండే బోస్టన్ ప్రాంతం వేసవిలో మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. అక్కడ పొద్దున 10 అంటే మనకి రాత్రి ఏడున్నర. వారానికి రెండు రోజులు ఆ సమయంలో దొరుకుతానని రాస్తే మెంటర్‌కి ధైర్యం.

పట్టికలో ప్రతి వారానికీ ఒక పుల్ రిక్వెస్ట్ పేరు ఉండాలి. "రీసెర్చ్ అండ్ లెర్నింగ్" అని మూడు వారాలు రాస్తే ఎవరూ చదవరు. కోడింగ్‌కి ముందు కమ్యూనిటీ బాండింగ్ అని మూడు వారాలు ఉండేది ఆ చదువుకే.

---

రైలు_పట్టాలు

గడువు_తేదీతో ఒక్క చోట తగాదా. రెండింటిలో ఏది ముందు అన్నది ముఖ్యం. నన్నడిగితే చెరిపేసే భాగం ముందు, వెతుకులాట తర్వాత.

ఎందుకంటే వెతుకులాట సరిగా లేకపోతే నోటీసు దొరకదు, అంతే. చెరిపేసే భాగం తప్పితే ఒక మనిషి ఫోన్ నంబరు ప్రపంచానికి కనిపిస్తుంది. ఎక్కువ చెరిపితే పరిశోధకులకి కావాల్సిన రికార్డే పాడవుతుంది. పరిశోధన కేంద్రపు కోడ్‌లో ఈ రెండో తప్పు కూడా మొదటిదంత పెద్దదే. మామూలు యాప్‌లో ఎక్కువ దాచడం మంచిదే అనిపిస్తుంది, ఇక్కడ కాదు.

ఉదాహరణకి మన మొబైల్ నంబరు: 10 అంకెలు, మొదటిది 6 నుంచి 9 దాకా. ముందు ప్లస్ 91 ఉండొచ్చు, సున్నా ఉండొచ్చు, మధ్యలో 5-5గా ఖాళీ ఉండొచ్చు. ఇంతవరకే రాస్తే, వార్తల సైట్ల లింకుల్లో ఉండే 10 అంకెల ఆర్టికల్ నంబర్లు కొన్ని 6తోనో 7తోనో మొదలై కొట్టుకుపోతాయి. నోటీసులో అసలు విషయమే ఆ లింకు! యూనిక్స్ టైమ్‌స్టాంపులు ఇప్పుడు 1తో మొదలవుతాయి కాబట్టి అవి బతుకుతాయి. అదే మిల్లీసెకన్లలో ఉంటే 13 అంకెలు, పదానికి హద్దులు పెట్టకపోతే మధ్యలోంచి 10 పట్టుకుని చెరిపేస్తుంది. కాబట్టి లింకుల లోపల ఒక నియమం, బయట ఇంకోటి.

ఆధార్ 12 అంకెలు, మొదటిది 0 గానీ 1 గానీ కాదు, చివరిది వెర్‌హోఫ్ పద్ధతి చెక్ అంకె. ఆ చెక్ కూడా చేస్తే అడ్డంగా దొరికే 12 అంకెల సంఖ్యల్లో పదింట తొమ్మిది బయటపడతాయి. పాన్ ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, ఒక అక్షరం.

తెలుగు అంకెలు మరిచిపోకండి, 0సి66 నుంచి 0సి6ఎఫ్. రూబీ బ్యాక్‌స్లాష్ డీ వాటిని పట్టుకోదు, పైథాన్‌ది పట్టుకుంటుంది. తెలుగు అంకెల్లో ఫోన్ నంబరు ఎవరు రాస్తారంటారా, అరుదే. టెస్టులో ఒక వరుస ఖర్చు, అంతకంటే ఏముంది.

కోడ్ ముట్టుకునే ముందే ఒక పట్టిక చేయండి: చెరిపేయాల్సినవి 20, చెరిపేయకూడనివి 20. అన్నీ మీరు కల్పించినవే ఉండాలి, అసలు నోటీసుల నుంచి ఒక్క వరుస కూడా ఎత్తి రిపోలో పెట్టకూడదు. పూర్తి లింకులు అందరికీ నేరుగా కనిపించకుండా పెట్టడానికి కారణం ఉంది. ఇప్పుడున్న కోడ్ మీద ఆ 40 నడిపి, ఎన్ని తప్పాయో అంకెతో ప్రపోజల్ మొదటి పేరాలో రాయండి.

---

సున్నా_వెడల్పు

ఆ పట్టికకి నావి రెండు. ఒకటి, అంకెల మధ్య 200సి గానీ విడిపోని ఖాళీ గానీ దూరిన ఫోన్ నంబరు. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఇది మామూలే.

రెండు, తెలుగు లింకు. పర్సెంట్ ఎన్‌కోడ్ అయితే ఒక్కో కోడ్ పాయింటు 9 అక్షరాలవుతుంది. "హైదరాబాద్" ఒక్కటే 81. ఎక్కడైనా 255 పరిమితి ఉన్న కాలమ్‌లోకి ఇలాంటి లింకు వెళ్తే 28 కోడ్ పాయింట్లకే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. ఇంకా పొడుగు లింకు మీద బీ-ట్రీ ఇండెక్స్ ఉంటే 2704 బైట్ల దగ్గర ఆగుతుంది. పైగా ఈ ఎన్‌కోడింగ్‌లో ఈ0, బీ0 తర్వాత బీ9 అంటూ వచ్చే అంకెలను ఫోన్ నంబరు అనుకునే నియమం రాయకుండా చూసుకోండి.

---

ఆరో_సెమిస్టర్

చాలా థ్యాంక్స్ అండీ. 40 వరుసల పట్టిక ఇవాళ రాత్రి మొదలుపెడుతున్నాను. కొత్త లెక్క ఇలా వేశాను, మొత్తం 175: పట్టిక, దాని టెస్టులు 20 గంటలు. చెరిపేసే నియమాలు 60. ఎన్‌ఎఫ్‌సీ, పొల్లు తీసి ముందుభాగంతో వెతకడం 35. ఉపఫీల్డు, 200సి ఫిల్టర్ 25. డాక్యుమెంటేషన్ 15. రివ్యూలో తిరిగి వచ్చేవాటికి 20.

---

గడువు_తేదీ

రివ్యూకి 20 చాలవు, 40 చేయండి. మీరు రాత్రి ఏడున్నరకి పంపిన ప్రశ్నకి జవాబు మర్నాడు వచ్చిందంటే ఒక్కో పుల్ రిక్వెస్ట్ మూడు రౌండ్లు తిరిగేసరికి వారం పోతుంది. ఆ 20ని ఉపఫీల్డు నుంచి తీయండి. అదెలాగూ వాళ్లు నడిపితేనే ఫలితం కనపడే పని. దాన్ని "సమయం మిగిలితే" అనే కింద, 5 గంటల డిజైన్ నోట్‌గా పెట్టండి.